సాఫ్

ఈ వాదిల నీళ్ళు చూసుడు నాకిదే మొదలు.
ఏడేండ్ల సంది ఇది నాకు తోవ.
మేకల దాణా బండి దీంట్లకెళ్ళే తోలేటోణ్ణి.
శుక్రవారం పిల్లగాండ్లు ఇండ్లనే బంతాట ఆడేటోళ్ళు.
ఒడ్డున పాతిన కొలత కంబం చూసి
నీళ్ళులేని తావుకు నీళ్ళ గుర్తెందుకని
తొఫజ్జలూ నేనూ నవ్వుకునేది.

పొద్దుగూకేసరికి తెల్లగీత మునిగింది.
ఇషా నమాజు అయ్యేసరికి నల్లగీత.
ఇగ ఎర్రగీత ఒక్కటే,
టార్చి వెలుగుల, పిడికెడంత.

కొండలల్ల ఎక్కడనో పడ్డ వాన ఇది.
మా మీద చినుకు లేదు. చుక్కలు కనబడుతున్నయి.
చుక్కల కింద వరద వస్తదని
నాకెవ్వరూ చెప్పలేదు.

ఖర్జూరం తోటకూ వాదికీ నడుమ ఒక మట్టికట్ట.
మూడేండ్ల కింద, తుపాను వస్తదన్న భయానికి
గులాబ్‌ఖాన్ బుల్డోజర్‌తోని ఎగదోసిండు.
తుపాను రాలేదు, కట్ట ఉండిపోయింది.
తోసిండు గని తొక్కియ్యలేదు. నేను చూసిన.
తొక్కియ్యని మట్టిని నీళ్ళు
పండ్లు లేకుండనే నమిలి మింగుతయి.

కట్ట మీద అందరం ఉన్నం.
కొట్టు మూసొచ్చిన కుంజుమోన్, లుంగీ ఎగగట్టి,
ఎన్ని బియ్యం బస్తాలు తడుస్తయో వేళ్ళ మీద లెక్కబెట్టుకుంట.
ముసలి షమ్సా కుర్చీ ఏయించుకుని,
తన పెండ్లినాడు ఇట్లనే వచ్చి
కట్టేసిన ఒంటెను కట్టుతోనే ఎత్తుకపోయిందని చెప్పుకుంట.
వాళ్ళింట్ల పనిజేసే రాజంపేట మస్తానమ్మ
ఆ మాటలు నాకు తెలుగుజేసుకుంట,
నడుమ నడుమ తన భయం ఇంత కలుపుకుంట.

అర్బాబు హమూద్ ఇనుప పెట్టె తెరిచి
మా పాసుపోర్టులు మా చేతుల పెట్టిండు.
నాలుగేండ్లకు చూసిన నా మొకం.
మీసం అప్పుడు నల్లగుండె.
పొమ్మనలేదు. ఉండుమననూ లేదు.
రొట్టెల డబ్బాల పెట్టి నడుముకు కట్టుకున్న.

అప్పుడు కనబడ్డది బుంగ.
కట్ట మడిమ కాడ, చిటికెన వేలంత.

మా తాత నీరడి.
రాత్రిపూట కట్ట మీద నడుచుకుంట నాకు చెప్పింది ఇదే:
ఊట చూసి ఉరకకు, ఊట రంగు చూడు.
తేటగొస్తే కట్టకు చెమట పట్టినట్టు.
మడ్డిగొస్తే కట్ట లోపలికెళ్ళి పోతున్నట్టు.

ఇది అరబ్బీల ఎట్ల చెప్పాలె?
చాయ్ గ్లాసు కడిగి బుంగ కింద పట్టిన,
ఫోను లైటుకు ఎత్తి చూపిన.
హమూద్ ఒంగి చూసిండు.
"సాఫీ" అన్నడు.
"సాఫ్" అన్న నేను.
ఒకరి మొకం ఒకరం చూసుకున్నం.
ఏడేండ్లల్ల ఆయన మాట, నా మాట
ఒక్క జాగల నిలబడ్డది అప్పుడే.

గులాబ్‌ఖాన్ బుంగల రాయి కుక్కవోతే చెయ్యి పట్టుకున్న.
మూస్తే పక్కపొంటి పుడతది.
చుట్టూ బస్తాలు పేర్చు, లోపల నీళ్ళు నిండనియ్యి,
నీళ్ళ బరువే నీళ్ళను ఆపుతది.
హిందీ, బెంగాలీ, సైగలు.
కుంజుమోన్ ఎక్కడ పోయిండో అనుకున్నం,
బియ్యం బస్తాలే మోసుకొచ్చిండు.

పదకొండున్నరకు సాఫ్.
పన్నెండుకు సాఫ్.
ఒంటిగంటకు గ్లాసు మస్తానమ్మ పట్టింది.
చెయ్యి వణికింది,
నీళ్ళే వణికినయో, మడ్డే కదిలిందో
ఎవ్వరికీ తెలువలేదు.

ఇప్పుడు నాలుగు.
ఎర్రగీత సగం ఉన్నది.
ఎక్కుతున్నదని తొఫజ్జల్,
గుంజుతున్నదని కుంజుమోన్.
గ్లాసు రాయి మీద పెట్టినం, పేరుకోనీ అని.
చుట్టూ పదిమందిమి గొంతుక్కూసున్నం.
ఎవ్వరూ గట్టిగ ఊపిరి తీస్తలేరు,
నీళ్ళు కదులుతయని.